బావ కొన్న మంచు టైర్లు

మా బావ పోయాడు. పోయిన నెలలో నిజాంపేటలో ఒక పెళ్లికి ఫోటోలు తీయడానికి వెళ్లి పందిట్లోనే పోయాడు. కబురు తెచ్చినతను సైకిలు దిగి, దాన్ని గోడకి ఆనించడం కూడా మరచిపోయి, రెండు చేతులతో పట్టుకునే చెప్పాడు. పెళ్లికొడుకు తరఫు వాళ్లందరినీ రెండు వరుసలుగా నిలబెట్టాడట. "కదలకుర్రి" అని చెప్పి, మోకాళ్ల మీద కూర్చుని, కెమెరా వెనక నల్లగుడ్డ తల మీదికి లాక్కున్నాడట. వాళ్లు కదలలేదు. చంటిపిల్లలు గింజుకుంటున్నా తల్లులు కదలలేదు. ఎంతసేపటికీ బావ గుడ్డలోంచి బయటికి రాకపోయేసరికి ఎవరో పెద్దాయన వెళ్లి గుడ్డ ఎత్తాడట. కెమెరా పెట్టెకి నుదురు ఆనించి ఉన్నాడట, ఏదో వింటున్నట్టు.

ఆ రోజు నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. అక్కేమో ఏడవకుండా ఇల్లంతా తుడుస్తోంది, తుడిచిందే తుడుస్తోంది. నేను కాగితం ముందు కూర్చుంటాను, లేచి గుమ్మం దాకా పోతాను, మళ్లీ వస్తాను. బావ గురించి రాయాలంటే ఇలాగే రాయాలేమో. ఆయనకి కుదురుగా కూర్చోవడం తెలియదు.

ఆయన మా అక్క మొగుడు. మా అమ్మానాన్నలు నా చిన్నప్పుడే ఒకరి వెనక ఒకరు పోతే, నేను అక్క పెళ్లితో పాటే ఆ ఇంటికి వెళ్లాను. పట్నంలో చిన్న ఫోటో స్టూడియో ఆయనది. దానికి తోడు పెళ్లిళ్లకి ఊళ్లు తిరగడానికి ఒక పాత చిన్న కారు. ఎంత చిన్నదంటే, మా ఇంట్లో ముగ్గురమే అయినా, కారెక్కే ముందు అక్క ఊపిరి బిగబట్టేది. బావ నిలబడే అన్నం తినేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ గదిలోంచి వాకిట్లోకి పోయేవాడు, మిగతా మాట వాకిట్లోంచి వినాలి. అట్లాంటి మనిషి జనాన్ని నిలబెట్టి "కదలకుర్రి" అంటుంటే అక్కకి నవ్వాగేది కాదు.

నాకు కెమెరా అద్దంలోంచి చూడడం ఆయనే నేర్పాడు. అందులో మనుషులు తలకిందులుగా కనిపిస్తారు. నేను భయపడితే అన్నాడు: "సీదా ఉన్నదాన్ని చూసుడు ఎవరికైనా వస్తది మర్దలా. గిట్ల ఉన్నప్పుడు కూడ మొఖం గుర్తువట్టాలె."

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు వానాకాలంలో నాకు దగ్గు పట్టుకుంది. చలి మొదలయ్యేసరికి గుడ్డలో నెత్తురు కనిపించింది. దవాఖానలో క్షయ అన్నారు. ఆ మాట మా కన్నా ముందే వీధిలోకి వెళ్లిపోయింది. ఇంటి యజమాని గుమ్మం బయటే నిలబడి, ముక్కుకి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని, వేరే కిరాయి ఇల్లు చూసుకోమన్నాడు. బావ బతిమాలలేదు. ఆ సాయంత్రమే మంచాలు బండికెత్తించాడు. ఆయన దూరపు చుట్టం ఒకాయనకి ఖాజాగూడలో బండరాళ్ల పక్కన ఒక రాతి కొట్టం ఉండేది. అందులోకి మారాం. చుట్టూ పెద్ద పెద్ద గుండ్లు, ఎదురుగా చెరువు, మనిషి అలికిడి లేదు. నా కంచం, గ్లాసు వేరుగా పెట్టాలని డాక్టరు చెప్పాడు. బావ వాటి మీద ఎర్ర రంగుతో చిన్న కిరీటం బొమ్మ వేసి, "నవాబుల గిన్నెలు, ఎవరు ముట్టొద్దు" అన్నాడు.

దగ్గర్లో ఉన్న శానిటోరియాల్లో మంచం దొరకలేదు. దక్షిణాదిలోని ఒకటి ఏడాది ఆగమంది. బావకి ఎరుకైన డాక్టరొకాయన హిమాలయాల కొండల్లో ఒక శానిటోరియంలో పనిచేస్తుండేవాడు. ఒక మంచం ఖాళీ అయింది, నెలాఖరు దాకా ఆపగలను, ఆ పైన నా చేతిలో లేదు అని కబురంపాడు. మంచు పడకముందే రండి, పడితే కొండ కిందనుంచి బస్సు నడవదని కూడా చెప్పాడు.

రైలెక్కాం. అక్క నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి కొంగు కప్పింది. రెండో స్టేషను దాటాక నాకు దగ్గు తెర వచ్చింది. ఎదురుగా ఉన్నావిడ గుడ్డమీద ఎరుపు చూసి పిల్లల్ని లాక్కుని లేచింది. ఆ తర్వాత ఎవరు ఏమన్నారో నాకు సరిగా గుర్తు లేదు. పెట్టెలోని వాళ్లంతా ఒకేసారి అరిచారు. ఒకతను మా పరుపు చుట్టని కిటికీలోంచి బయటికి తోశాడు. తర్వాతి స్టేషనులో దిగిపోయాం. రైలు వెళ్లిపోయాక ఆ చిన్న ప్లాటుఫారం మీద బావ ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాడు.

"వెనుకకు పోదమా?" అని అడిగింది అక్క.

"పోదం. కారు తీస్కొచ్చుకుందం."

"కారా? గంత దూరమా? ఏమయ్యో, నీకేమన్న పిచ్చి లేసిందా?"

"ముందు బయలుదేరుదం. ఫికర్ దారిల చేద్దం."

ఈ మాట ఆయన ప్రతిదానికీ అనేవాడు.

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో. పెట్రోలు కూపన్ల మీద దొరికే కాలం. బావ పెళ్లి ఫోటోలు తీసిన ఇళ్లన్నీ తిరిగి కూపన్లు పోగేశాడు. ఇంతలో డాక్టరు దగ్గరినుంచి మళ్లీ కబురు: మంచు పడింది, బస్సు ఆగింది, మంచం మాత్రం ఉంది. బావ ఆ కాగితం చేత్తో పట్టుకుని కొట్టం చుట్టూ తిరిగాడు. అన్నిసార్లు ఎందుకు తిరుగుతున్నాడని నేను మంచం మీదనుంచి అడిగితే, "టైర్లు" అన్నాడు.

నన్ను ఒంటరిగా వదలలేక కారు వెనక సీటులో పడుకోబెట్టుకునే పట్నం వెళ్లారు. టైర్ల దుకాణం సేఠ్ మంచివాడు. నేను దిగలేనని తెలిసి, టైర్లని దొర్లించుకొచ్చి కారు ముందే రోడ్డు మీద పడుకోబెట్టాడు. మొదట చూపించినవి మిలిటరీ వాళ్లు అమ్మేసిన లావు టైర్లు. బావ ఒకదాన్ని ఎత్తి చక్రం పక్కన పెట్టి చూశాడు.

"గిది మడ్‌గార్డుకు రాస్తది సేఠ్. మలుపుల కాడ చక్రం తిరగదు. కొండ మీద అన్ని మలుపులే."

"చక్రాలకు గొలుసులు కట్టుకోర్రి మరి."

"గొలుసు తెగితే? మంచుల కూసోని ఎవరు కడ్తరు?"

సేఠ్ లోపలికి పోయి, దుమ్ము దులుపుతూ ఇంకో రకం తెచ్చాడు. సన్నగా ఉన్నాయి. పైన గట్లు ఎత్తుగా, గట్ల మధ్య వేలు దిగేటంత లోతు. "బర్ఫ్‌ల నడిచే టైర్లు సాబ్. ఏదో విలాయతీ సరుకుల కలిసి వచ్చినయి. మన హైద్రాబాద్‌ల ఎవరు కొంటరని పైన పడేసిన."

బావ వంగి గట్ల మధ్య వేలు పెట్టి చూశాడు. సన్నగా ఉంటే జారదా అని అక్క అడిగింది. సన్నదైతేనే మెత్తటి మంచుని కోసుకుని కింది నేలని పట్టుకుంటుందని, లావుదైతే పైపైన తేలుతుందని బావ చెప్పాడు. అది ఆయనకి నిజంగా తెలుసో, అక్కకి ధైర్యం చెప్పడానికి అన్నాడో నాకు ఈనాటికీ తెలియదు. మా కారుకి వెనక చక్రాలే బండిని నడిపిస్తాయి కనుక వెనక రెండింటికి చాలన్నాడు. సేఠ్ నాలుగూ తీసుకొమ్మన్నాడు. బావ వినలేదు. రెండే వేసుకుని వచ్చాం.

అయినా మనసు ఒప్పుకోలేదు ఆయనకి. మర్నాడు పొద్దున్నే కారుని చెరువు గట్టు కిందికి దించాడు. నీరు తీసిన చోట బంకమట్టి, మీద నాచు. మంచుకి ఇంతకన్నా దగ్గరిది ఖాజాగూడలో ఏం దొరుకుతుంది? కొట్టం ముందు మంచం వాల్చి నన్ను పడుకోబెట్టారు, నేను అంతా చూస్తూనే ఉన్నాను. కారు బురదలోకి దర్జాగా పోయింది. బావ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు. తర్వాత తిప్పబోయాడు. చక్రాలు తిరిగాయి, కారు తిరగలేదు. ముందు చక్రాలు బురదమీద పట్టు లేక జారుకుంటూ, బండి నేరుగా నీళ్లలోకి పోయి ముక్కు దాకా మునిగి ఆగింది. అక్క కేక వేసింది. బావ నడుం లోతు నీళ్లలోంచి చెప్పులు చేత పట్టుకుని నవ్వుకుంటూ వచ్చాడు. గట్టు మీద మనుషులు పోగై బర్రెలని కట్టి కారుని లాగారు.

నా మంచం దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖంలో నవ్వు లేదు. "కొండ మీద అయితే గక్కడ చెరువు ఉండదు మర్దలా. లోయ ఉంటది" అన్నాడు. బట్టలు మార్చుకోకుండానే మళ్లీ పట్నం వెళ్లి మిగతా రెండు టైర్లూ తెచ్చాడు.

ఇప్పుడింకో చిక్కు. ఎండిన గట్టి రోడ్డు మీద అంత దూరం నడిపితే ఆ గట్లు కొండ చేరేలోపే అరిగిపోతాయి. అందుకని మామూలు టైర్లమీద కొండ కిందికి పోయి, అక్కడ మార్చాలి. అంటే నాలుగు టైర్లు మోసుకుపోవాలి. రెండు కారు నెత్తిన కట్టాడు. మిగిలిన రెండు ముందు తన పక్క సీటులో ఇరికించాడు. అక్క నా కాళ్ల దగ్గర ముడుచుకుని కూర్చోవాలి. అక్క ట్రంకు పెట్టె దించేసింది. పరుపు ఒకటి దించేసింది. అయినా చోటు చాలలేదు. బావ కెమెరా పెట్టెని చాలాసేపు చూసి, దాన్ని కూడా దించి చుట్టపాయన ఇంట్లో పెట్టి వచ్చాడు. ఊరు దాటితే కెమెరా లేకుండా పోని మనిషి. అందుకే ఆ ప్రయాణానిది ఒక్క ఫోటో కూడా లేదు.

బయలుదేరాం. గోదావరి దాటాం, నిర్మల్ ఘాట్లు దాటాం, నాగపూరు దాటాం. ఉత్తరాదిన మతం గొడవలు జరుగుతున్న రోజులవి. ప్రతి ఊరి మొదట్లోనూ ఎవరో ఒకరు కారాపి ఎవరు మీరు, ఎటు పోతున్నారని అడిగేవారు. బావ తన హైదరాబాదీ ఉర్దూలో జవాబు చెబితే, కొందరు ఆ యాసకి నవ్వి వదిలేసేవారు, కొందరు నవ్వేవారు కాదు. నా దగ్గు విని సత్రాల వాళ్లు తలుపులు వేసుకునేవారు. బడి అరుగుల మీద పడుకున్నాం. నెలాఖరు దగ్గరపడుతోంది. బావ కారాపిన చోటల్లా దిగి చుట్టూ నడిచేవాడు, నెత్తి మీది టైర్ల తాళ్లు లాగి చూసేవాడు, మళ్లీ ఎక్కేవాడు. అక్క "జర కూసో, నీ కాళ్లకు మొక్కుత" అనేది.

కొండ కింద బస్సులన్నీ వరుసగా ఆగి ఉన్నాయి. డ్రైవర్లు నిప్పు చుట్టూ కూర్చుని మమ్మల్ని చూశారు. పోవద్దని చెప్పారు. బావ వాళ్ల మాటలు మర్యాదగా విని, ఒక్కొక్క చక్రమే విప్పి టైర్లు మార్చాడు. చివరికి వాళ్లలో ఇద్దరు లేచి వచ్చి సాయం పట్టారు.

పైకి వెళ్లేకొద్దీ రోడ్డు పక్కన తెలుపు కనిపించింది, తర్వాత రోడ్డంతా తెలుపే. నేను మంచు చూడడం అదే మొదలు. అందంగా ఉందని అనిపించలేదు నాకు. శబ్దం ఏమీ లేదు, టైర్లు కరకరమని కోసుకుపోయే చప్పుడు తప్ప. మలుపు తిరిగిన ప్రతిసారీ అక్క దేవుడి పేరు తలుచుకుంది. ముందు చక్రాలు పట్టు వదల్లేదు.

సగం దూరం పోయాక ఒక మలుపు దాటగానే, ఎదురుగా రోడ్డుకి అడ్డంగా ఒక కట్టెల లారీ జారి ఆగి ఉంది. బావ ఆపక తప్పలేదు. ఆపిన చోటు నిలువు ఏటవాలు. చేతి బ్రేకు ఎప్పటినుంచో సరిగా పట్టదు. అడుగున మంచు గడ్డకట్టి అద్దంలా ఉంది. ఎంత మంచి టైరైనా అక్కడ కాలి బ్రేకు వదిలితే వెనక్కి జారుతుంది. బావ చక్రాలని కొండ వైపుకి తిప్పిపెట్టాడు, జారినా లోయలోకి కాక కొండగోడకి తగలాలని. అక్క దిగి చక్రాల వెనక రాళ్లు పెట్టింది. ఆ రాళ్లే జారాయి.

"దాన్ని కిందికి దింపు" అన్నాడు బావ, వెనక్కి చూడకుండా.

అక్క నన్ను దింపింది. ఆ గాలిలో నాలుగడుగులు వేశానో లేదో, దగ్గు వచ్చి మంచు మీద కూలబడ్డాను. నా ముందు తెల్లగా ఉన్నదంతా ఎర్రబడింది. అక్క నన్ను ఎత్తుకుని మళ్లీ సీటులో పడుకోబెట్టి, గొంగడి చుట్టింది. తను లారీ దగ్గరికి పరుగెత్తింది, అక్కడి మనుషులతో కలిసి మంచు తవ్వడానికి.

కారులో నేనూ బావా మిగిలాం. ఆయన బ్రేకు మీద కాలు పెట్టి కూర్చున్నాడు. మధ్యాహ్నమంతా అట్లాగే కూర్చున్నాడు. నిలబడి అన్నం తినే మనిషి. మొదట కాసేపు మాట్లాడాడు. నల్లగండ్లలో ఒక పెళ్లికొడుకు ఫోటోకి నిలబడి తుమ్ము ఆపుకోలేక పగిడీ ఎగరేసిన కథ చెప్పాడు. నేను నవ్వితే, "నవ్వకు, దగ్గు వస్తది" అన్నాడు. తర్వాత మాటలు ఆగిపోయాయి. ఆయన కుడి మోకాలు ఒణకడం మొదలుపెట్టింది. రెండు చేతులతో మోకాలిని కిందికి నొక్కి పట్టుకున్నాడు.

"బావా, నన్ను ఈడ దించి నువ్వు కూడ దిగు. కారు పోతే పోనియ్యి" అన్నాను.

"ఊకో."

"నేను ఎట్లయిన బతుకుతనో లేదో."

అప్పుడు అద్దంలోంచి నన్ను చూశాడు. "గా మాట ఇంకోపారి అంటే కారు దిగి కొడ్త. కాని ఇప్పుడు దిగేటట్టు లేదు. గందుకని అనకు."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మోకాలు ఒణుకుతూనే ఉంది. పొద్దు వాలబోతుండగా లారీ పక్కకి తప్పుకుంది. అక్క చేతులు తవ్వి తవ్వి నీలంగా మారాయి. బావ ఇంజను గట్టిగా తిప్పాడు. ఊపిరి పీల్చినంతసేపు చక్రాలు ఉన్నచోటే తిరిగాక, గట్లు మంచుని కరిచాయి. కారు కదిలింది.

శానిటోరియం గేటు దగ్గర ఆయన దిగలేకపోయాడు. కాలు తిమ్మిరెక్కి, కాపలావాళ్లు ఇద్దరు పట్టుకుని దింపాల్సి వచ్చింది. డాక్టరు బయటికి వచ్చి కారునీ, టైర్లనీ, మమ్మల్నీ చూసి, నన్ను లోపలికి మోయించాడు. మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడిచి సిద్ధంగా ఉంది. మరునాడు వాళ్లిద్దరూ దిగివెళ్లారు.

అక్కడ మందంటే ముఖ్యంగా కదలకుండా పడుకోవడమే. బావ ఉన్న ఇంట్లో ఎవరికీ రాని విద్య అది. ఎట్లాగో నేర్చుకున్నాను. మళ్లీ వస్తానన్న బావ రాలేకపోయాడు. దేశం రెండయింది, దారులు మూతపడ్డాయి. తర్వాత మా హైదరాబాదు చుట్టూ సరిహద్దులు బిగుసుకున్నాయి, రాత్రికి ఎవరింట్లో ఎవరుంటారో తెలియని రోజులు వచ్చాయి. ఉత్తరాలు రావడం ఆగింది. వాళ్లు ఉన్నారో లేదో తెలియక నేను, నేను ఉన్నానో లేదో తెలియక వాళ్లు. ఆ రోజుల్లో బావ కారుకి ఆ టైర్లే ఉంచుకుని, బురదలో చిక్కిన ఊళ్లకి పోయి, దవాఖానకి చేర్చాల్సిన వాళ్లని చేరవేశాడని నాకు తర్వాత తెలిసింది. ఆయన చెప్పలేదు. ఆయనకి పాత సంగతి చెప్పే తీరిక ఎప్పుడూ లేదు.

గొడవలు సద్దుమణిగాక, ఈ ఏడు మొదట్లో, జబ్బు పూర్తిగా మానిందని చెప్పి డాక్టరు నన్ను పంపించాడు. రైల్లో వచ్చాను. ఈసారీ కిటికీ పక్కనే కూర్చున్నాను, కాని ఎవరూ లేవలేదు. స్టేషనులో బావ ప్లాటుఫారం ఆ చివరినుంచి పరుగెత్తుకొచ్చి, ఎదురుగా నిలబడి, నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. "లావైనవ్" అన్నాడు. అంతే, నా పెట్టె ఎత్తుకుని ముందుకి నడిచాడు.

ఖాజాగూడ కొట్టానికే తీసుకొచ్చాడు. అక్క లోపల వంట మొదలుపెట్టింది. బావ కారు దిగి, అలవాటు ప్రకారం ఒకసారి చుట్టూ తిరిగి, ముందు చక్రానికి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. ఏదో చెప్పబోయాడు. మాట పూర్తి కాకుండానే కళ్లు మూతపడ్డాయి. నేను భయపడి అక్కని పిలిచాను. అక్క గరిటె చేత పట్టుకునే వచ్చి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నిన్ను ఆడ ఇడిసిపెట్టి వచ్చినప్పటిసంది గీ మనిషి సక్కగ నిద్రపోలె" అంది. "లేపకు."

మాఘమాసపు ఎండ బండల మీదనుంచి ఎగిరి నేరుగా ఆయన ముఖం మీద పడుతోంది. నేను వెళ్లి ఎదురుగా, నా నీడ ఆయన కళ్ల మీద పడేటట్టు నిలబడ్డాను. ఎండ జరిగింది. నేనూ కొంచెం జరిగాను. లోపల్నించి పప్పు తాళింపు వాసన వచ్చింది, అక్క అన్నానికి రమ్మంది, చేత్తో ఆగమన్నాను. ఆయన నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఎండ మళ్లీ జరిగింది. నేను మళ్లీ జరిగాను.